రిమోట్ రైలు సెట్ కొనేముందు: కరెంటు ఎటు నుంచి వస్తోంది, మాట ఏ దారిన చేరుతోంది

మా మేనల్లుడి రైలు ఎప్పుడూ ఒకే చోట ఆగేది. సోఫా కాలి పక్కన, వంపు మొదలయ్యే రెండో పట్టా ముక్క మీద. లైటు ఒక్కసారి ఆరి వెలిగేది, ఇంజను మొదట్నుంచీ స్టార్టయిన చప్పుడు వచ్చేది, కానీ బండి కదిలేది కాదు. వాడు రిమోట్‌ని ఇంజను మీదికి గురిపెట్టి నాబ్ అటూ ఇటూ తిప్పేవాడు. ఇంట్లో అందరూ రిమోట్ పోయిందని తేల్చేశారు. సెల్లు మూడుసార్లు మార్చారు. చివరికి నేను నేలమీద పడుకుని చూస్తే ఆ రెండు ముక్కలు కలిసే చోట గోరు దూరేంత సందు కనిపించింది. రెండు చేతులతో దగ్గరికి నొక్కితే టక్కున కూర్చుంది. ఆ తర్వాత అక్కడ బండి మళ్లీ ఆగలేదు.

జరిగింది ఇదీ. ఆ సందు దాటేటప్పుడు ఇంజనుకి కరెంటు రెప్పపాటు తెగింది. మోటారు ఒక్కటే అయితే ఊపు మీద దాటిపోయేది. కానీ రిమోట్ మాట వినే చిన్న బోర్డు ఆ రెప్పపాటుకే ఆగి, మళ్లీ మొదలైంది. రిమోట్‌తో ఉన్న లంకె తెగిపోయింది. తప్పు పట్టాలో ఉంది, నింద రిమోట్ మీద పడింది.

రిమోట్ రైళ్ల విషయంలో నేను చూసిన తగాదాల్లో చాలావరకు ఇలాంటివే. అందుకే సెట్ ఎంచుకునేటప్పుడు డబ్బా మీద బొమ్మ కంటే ముందు రెండు సంగతులు తెలుసుకోమంటాను. ఇంజనుకి కరెంటు కడుపులోని సెల్లు ఇస్తున్నాయా, కాళ్ల కింది పట్టాలు ఇస్తున్నాయా? మన ఆజ్ఞ దానికి ఇన్‌ఫ్రారెడ్‌లో వెళ్తోందా, రేడియోలోనా, బ్లూటూత్‌లోనా, లేక పట్టాల గుండానేనా? ఈ రెండు జవాబులు తెలిస్తే ఆ సెట్ ఎక్కడ మొండికేస్తుందో కొనకముందే చెప్పేయొచ్చు.

సెల్లతో నడిచేవి

ఇవి ప్లాస్టిక్ పట్టాల మీద నడుస్తాయి. లయనెల్ వాళ్ల రెడీ టు ప్లే సెట్లు, మార్క్లిన్ వాళ్ల మై వరల్డ్, లెగో రైళ్లు, జపాన్ పిల్లలు 1959 నుంచి ఆడుకుంటున్న టోమీ వాళ్ల ప్లారైల్, అన్నీ ఈ కోవలోవే. పట్టాల్లో కరెంటు ఉండదు కాబట్టి దుమ్ము పడ్డా, జాయింటు కాస్త వదులైనా బండి ఆగదు. పట్టాలు ఎలా మెలితిప్పి కలిపినా షార్ట్ అవదు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది చాలా పెద్ద సుఖం.

ఇబ్బందంతా సెల్ల దగ్గరే. లెగో రైలు తీసుకుంటే ఇంజనులో ఆరు, రిమోట్‌లో నాలుగు, మొత్తం పది సన్న సెల్లు, అంటే టీవీ రిమోట్‌లో వేసే ట్రిపుల్ ఏ సైజువి. లయనెల్ రెడీ టు ప్లే ఇంజనుకి ఆరు సి సైజు సెల్లు కావాలి. మన కిరాణా కొట్లలో పెన్సిల్ సెల్లు దొరుకుతాయి, టార్చిలైటు పెద్ద సెల్లు దొరుకుతాయి, ఈ మధ్య సైజువి మాత్రం అడిగిన ప్రతిచోటా దొరకవు. ఆదివారం సాయంత్రం బండి ఆగిపోయి పిల్లాడు ఏడుస్తుంటే తెలుస్తుంది ఆ బాధ.

చార్జింగ్ సెల్లు వేద్దామని అందరికీ అనిపిస్తుంది. వేయొచ్చు, కానీ లెక్క చూడండి. మామూలు సెల్లు ఒక్కోటి 1.5 వోల్టులు, చార్జింగ్ సెల్లు 1.2. ఆరు కలిస్తే అక్కడ 9 వోల్టులు, ఇక్కడ 7.2. కొత్త ఆల్కలైన్ సెల్లతో పోలిస్తే పై వేగం కొంచెం తగ్గుతుంది. దానికి బదులుగా చార్జింగ్ సెల్లు చివరిదాకా దాదాపు ఒకే వోల్టేజీ ఇస్తాయి. మామూలు సెల్లు వాడే కొద్దీ దిగజారుతూ పోతాయి. రోజూ ఆడే ఇంట్లో నా ఓటు చార్జింగ్ సెల్లకే, సెట్‌తో వచ్చిన పుస్తకంలో వద్దని రాయకపోతే.

ఇంకో గుణం చాలామందికి అంతుపట్టదు. సెల్లు నీరసించాక బండి నిలబడి ఉన్నప్పుడు రిమోట్‌తో చక్కగా కలుస్తుంది, కదలబోయేసరికి లంకె తెగుతుంది. మోటారు కదిలే క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజీ ఒక్కసారి పడిపోతుంది, బోర్డు ఆరిపోతుంది. బరువైన బోగీలతో వంపులో కూడా ఇదే జరుగుతుంది. మార్చాల్సింది ఇంజను సెల్లు. జనం మాత్రం రిమోట్ సెల్లు మారుస్తూ ఉంటారు.

పట్టాల్లో కరెంటు ఉండేవి

అసలు రైలు మీద మోజున్నవాళ్లు చివరికి చేరేది ఇక్కడికే. లోహపు చక్రాల మోత, బరువు, వెలుగు, గంటల తరబడి ఆగకుండా తిరగడం, ఇవన్నీ సెల్ల బండిలో రావు. కానీ మెయింటెనెన్స్ ఉంది, దానికి సిద్ధపడాలి.

చక్రానికీ పట్టాకీ మధ్య కంటికి కనపడని చిన్న నిప్పురవ్వలు పుడుతూ ఉంటాయి. వాటివల్ల ఏర్పడే పొర, ఇరుసు దగ్గరి నూనె, గాలిలో దుమ్ము కలిసి పట్టా మీద నల్లటి జిగురులా పేరుకుంటాయి. తెల్లటి పాత బనీను గుడ్డ వేలికి చుట్టి పట్టా మీద ఒక్కసారి లాగి చూడండి. కాటుక గీత గీసినట్టు వస్తుంది. ఆ పొర మీద చక్రం కరెంటు అందుకోలేదు. బండి తడబడుతుంది, లైట్లు మినుకుమంటాయి, శబ్దం తెగి తెగి వస్తుంది, ముందు చెప్పినట్టు రిమోట్ లంకె కూడా పోతుంది.

తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలి. మెడికల్ షాపుల్లో, ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లలో దొరుకుతుంది. ఇంట్లో మిగిలిన చేతుల శానిటైజర్ మాత్రం వాడొద్దు. అందులో చర్మం ఎండిపోకుండా గ్లిజరిన్ కలుపుతారు, అది పట్టా మీద జిగటగా మిగిలి ఇంకా దుమ్ము పట్టిస్తుంది. ఉప్పు కాగితంతో రుద్దొద్దు, ఆ గీతల్లో మురికి మరింత త్వరగా చేరుతుంది. తుడిచే ముందు ప్లగ్ పీకేయాలి, తుడిచాక పూర్తిగా ఆరనివ్వాలి. చక్రాలు కూడా తుడవాలి. చాలామంది పట్టాలు మెరిపించి చక్రాల సంగతి మర్చిపోతారు, ఒక్క చుట్టు తిరిగేసరికి మురికి మళ్లీ పట్టా మీదికి వస్తుంది. ఇరుసులకి చుట్టుకున్న తలవెంట్రుకలు, కార్పెట్ పోగులు చిన్న పట్టకారుతో లాగేయాలి. కార్పెట్ మీద నేరుగా పట్టాలు పరచకుండా ఒక ప్లైవుడ్ పలకో, మందపాటి అట్టో వేస్తే ఈ బెడద సగం తగ్గుతుంది. మన ఇళ్లలో టైల్స్ నేల కాబట్టి పోగుల బాధ తక్కువ, రోడ్డు వైపు కిటికీ ఉంటే దుమ్ము బాధ ఎక్కువ. టైల్స్ మీద పట్టాల గుండ్రం మెల్లగా జరుగుతుంది, జాయింట్లు వదులవుతాయి. మా మేనల్లుడి ఇంట్లో జరిగింది అదే. కింద పల్చటి రబ్బరు షీటు పరిచాం, జరగడం ఆగింది.

అపార్ట్‌మెంట్లలో ఇంకో చికాకు ఉంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొద్ది క్షణాల్లో ఇంజను ఆరిపోతుంది. కరెంటు రాగానే లైటు వెలుగుతుంది కానీ కొన్ని సెట్లలో రిమోట్‌ని మళ్లీ కలపాల్సి వస్తుంది. పాడవడం కాదు, దాని నడత అంతే. పిల్లలకి ముందే చెప్పి ఉంచితే కంగారుపడరు.

ఈ వర్గంలోనే రెండు పట్టాలవి, మూడు పట్టాలవి అని తేడా ఉంది. లయనెల్ బళ్లకి మధ్యలో మూడో పట్టా ఉంటుంది. మార్క్లిన్ వాళ్ల హెచ్‌ఓ అనే చిన్న సైజు బళ్లకి ఆ మూడో పట్టా బదులు మధ్యలో చిన్న చిన్న లోహపు బొడిపెలు ఉంటాయి. చూడటానికి అసలు రైలు దారిలా ఉండదని కొందరికి నచ్చదు. కానీ పిల్లలు పట్టాలు పెంచుకుంటూ పోయి దారిని వెనక్కి తిప్పి అదే దారిలో కలిపేస్తారు చూడండి, ఆ పని రెండు పట్టాల సెట్‌లో షార్ట్ అవుతుంది. కుడి పట్టా తిరిగొచ్చి ఎడమ పట్టాను తాకుతుంది మరి. మధ్య నుంచి కరెంటు తీసుకునే వాటిలో ఆ గొడవే లేదు. పదేళ్ల పిల్లవాడు ఇష్టమొచ్చినట్టు దారులు వేసుకోవాలంటే ఇది చాలా విలువైన సౌకర్యం.

పాయింట్ల దగ్గర, అంటే దారి చీలే చోట, మధ్యలో ప్లాస్టిక్ ముక్క ఉన్న పట్టాలు ఎక్కువ. నాలుగే చక్రాలున్న బుజ్జి ఇంజను అక్కడ మెల్లగా వెళ్తే ఆగిపోతుంది. ముద్దుగా ఉంటుందని చాలా సెట్లలో అలాంటి ఇంజనే ఇస్తారు. ముందు ముందు పాయింట్లు కొనే ఆలోచన ఉంటే ఆరో ఎనిమిదో చక్రాల నుంచి కరెంటు తీసుకునే పొడవాటి ఇంజనున్న సెట్ తీసుకోండి.

ఆజ్ఞ వెళ్లే దారి

ఇన్‌ఫ్రారెడ్ అంటే టీవీ రిమోట్ లాంటిదే. ఎదురుగా కనిపించాలి. ఎండ నేరుగా పడే గదిలో, బాల్కనీలో తడబడుతుంది. బ్లూటూత్‌కి మారకముందు లెగో రైళ్లు దీంతోనే నడిచేవి. ఆ రైలు రిమోట్‌లో చక్రం తిప్పి వేగం పెట్టి వదిలేస్తే బండి అదే వేగంతో పోతూనే ఉంటుంది. మంచం కిందికి దూరాక ఆపు బటన్ ఎంత నొక్కినా దానికి వినపడదు, అవతల తేలినప్పుడే ఆగుతుంది. పాత సెట్ చవగ్గా వస్తోందని కొంటే ఇది తెలిసి కొనండి. సామాను నిండిన హాల్లో నేను ఇన్‌ఫ్రారెడ్ సిఫారసు చేయను.

రేడియో రిమోట్‌కి ఎదురుగా ఉండాల్సిన పనిలేదు. లయనెల్ లయన్‌చీఫ్ సెట్లు ఇలా వచ్చినవే. పట్టాల్లో ఎప్పుడూ 18 వోల్టులు ఉంటాయి, వేగం ఎంత అన్నది రిమోట్ నేరుగా ఇంజనుకి చెబుతుంది. తొలితరం వాటిలో ఏ ఇంజను రిమోట్ దానిదే, వేరే దానికి పనిచేయదు. మొదట్లో ఇదొక లోటనుకున్నాను, ఇద్దరు పిల్లలున్న ఇంట్లో చూశాక అభిప్రాయం మారింది. ఒకే పట్టా మీద రెండు బళ్లు, ఎవరి రిమోట్ వాళ్ల చేతిలో, తగువు లేదు. గుద్దుకోకుండా చూసుకోవడం మాత్రం వాళ్ల పనే, బండి తనంతట తాను ఆగదు. తర్వాత వచ్చినవి బ్లూటూత్‌వి, ఫోనుతోనూ నడుస్తాయి.

ఈ సందర్భంలో ఒక ముచ్చట. లయనెల్ కంపెనీ 1946లోనే రేడియో తరంగాలతో నడిచే సెట్ అమ్మింది. రంగురంగుల బటన్ల పెట్టె, బోగీల్లో ఆ రంగులకు తగ్గ రిసీవర్లు, బటన్ నొక్కితే నడుస్తున్న రైల్లోంచి ఒక్క బోగీ విడిపోయేది. పాత రేడియోల్లోని గాజు వాల్వులు వాడే రోజుల్లో అంత పని చేశారంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

బ్లూటూత్, ఫోను సంగతి. బాక్‌మన్ ఈజీ యాప్ సెట్లు, హార్న్‌బీ వాళ్లు 2023లో తెచ్చిన హెచ్‌ఎమ్7000 రకం ఇంజన్లు ఫోనుతో నడుస్తాయి. స్క్రీన్ మీద హారన్, బెల్, వేగం అన్నీ కనిపిస్తాయి, కొత్త శబ్దాలు వేసుకోవచ్చు. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో లొకేషన్ అనుమతి ఇవ్వకపోతే యాప్‌కి ఇంజను కనపడదు. 12వ వెర్షన్ నుంచి దగ్గరలోని పరికరాలు అనే అనుమతి వేరుగా అడుగుతుంది. ఇది తెలియక ఇంజను పాడైందని వాపసు పంపేవాళ్లుంటారు. మధ్యలో ఫోన్ వస్తే, స్క్రీన్ లాక్ పడితే బండి చేతిలోంచి జారినట్టే. పైగా పిల్లాడు బండి వైపు చూడడు, ఫోను వైపు చూస్తాడు. చేతిలో నాబ్ ఉంటే చూపు పట్టాల మీదే ఉంటుంది. పదేళ్లలోపు పిల్లలకి నాబ్ ఉన్న రిమోట్ లేని సెట్ నేను కొనను, ఎంత బాగున్నా సరే.

నాలుగోది డీసీసీ, పట్టాల గుండానే ఆజ్ఞలు పంపే పద్ధతి. పెద్దయ్యాక హాబీగా కొనసాగించాలనుకునేవాళ్లకి ఇదే రాజమార్గం, ఎందుకంటే ఒక కంపెనీ కంట్రోలర్‌తో ఇంకో కంపెనీ ఇంజను నడుస్తుంది. దాని గుణాలు రెండు చెబుతాను. కొత్త ఇంజన్లు అన్నీ మామూలుగా 3 అనే అడ్రసుతో వస్తాయి. రెండో ఇంజను కొని పట్టా మీద పెట్టి మొదటిదాన్ని నడిపితే రెండూ కదులుతాయి. దయ్యం పట్టలేదు, ఒకదాని నంబరు మార్చాలి, అంతే. రెండోది, ఆ ఆజ్ఞలు చదివే డీకోడర్ అనే చిన్న బోర్డు లేని పాత ఇంజనుని డీసీసీ పట్టా మీద నిలబెడితే మోటారు గుయ్‌మని మోగుతూ వేడెక్కుతుంది. అలా వదిలేస్తే కాలిపోతుంది.

వేగం గురించి ఒక మాట

మొదటిసారి కొనే చిన్న సెట్లలో ఇంజను మెల్లగా పాకదు. నాబ్ కొంచెం తిప్పితే ఏమీ అవదు, ఇంకొంచెం తిప్పితే ఒక్క దూకు దూకుతుంది. చల్లగా ఉన్న మోటారు మొదటి ఐదు నిమిషాలు మందంగా నడిచి, వేడెక్కాక అదే నాబ్ స్థానంలో వేగం పెంచుతుంది. అప్పుడే వంపులో పడిపోతుంది. ఎత్తుపల్లాలున్న దారి వేస్తే ఎక్కేటప్పుడు మూలుగుతుంది, దిగేటప్పుడు పరుగెడుతుంది. దీనికి విరుగుడు ఇంజనులోనే వేగాన్ని నిలబెట్టే ఏర్పాటు. తొలితరం లయన్‌చీఫ్ సెట్లలో అది లేదు, లయన్‌చీఫ్ ప్లస్ ఇంజన్లలో ఉంది. మంచి డీసీసీ డీకోడర్లలో ఉంటుంది. వంతెనలు, ఎత్తులు కట్టాలని పిల్లవాడు కలలు కంటుంటే కొనేముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి. చదునైన నేల మీద గుండ్రంగా తిప్పడానికైతే దానికోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు.

చోటు

చిన్న సైజు బండి కొంటే చోటు తక్కువ పడుతుందనుకుంటాం. మొదటి సెట్ల వరకు అది పూర్తిగా నిజం కాదు. బాక్‌మన్ హెచ్‌ఓ సెట్లలో మామూలుగా ఇచ్చే వంపు 18 అంగుళాల వ్యాసార్ధం, అంటే గుండ్రం అడ్డంగా 36 అంగుళాలు. ఓ గేజ్ అనే పెద్ద సైజులో వచ్చే లయనెల్ సెట్‌లోనూ గుండ్రం 36 అంగుళాలే. లెగో వంపు 32 సెంటీమీటర్ల వ్యాసార్ధం, గుండ్రం సుమారు 25 అంగుళాలు, ఈ మూడింట్లోకీ చిన్నది. లయన్‌చీఫ్ కోడిగుడ్డు ఆకారపు దారి దాదాపు 40 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు. డబుల్ కాట్ పట్టే చోటుంటే హాయిగా సరిపోతుంది. రెడీ టు ప్లే సెట్‌కి ఇంకా ఎక్కువ, సుమారు 4 అడుగులు, 6 అడుగులు.

తేడా చక్రాల్లో ఉంది. హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు, చక్రపు అంచు సన్నం. ఐదేళ్ల పిల్లవాడు బోగీ పడిపోతే తనంతట తాను ఎక్కించలేడు, ప్రతిసారీ అమ్మనో నాన్ననో పిలవాలి. ఓ గేజ్ చక్రాలు లోతుగా కూర్చుంటాయి, వాడే పెట్టుకుంటాడు.

అమెరికా నుంచి తెప్పిస్తుంటే

మన ఇళ్లకి ఈ సెట్లు ఎక్కువగా వచ్చే దారి ఇదే. డిసెంబరులో అక్కడ క్రిస్మస్ చెట్టు చుట్టూ తిప్పే సెట్లు షాపుల నిండా ఉంటాయి, సెలవులకి వచ్చే అక్కో బావో సూట్‌కేసులో పెట్టుకొస్తారు. మా చెల్లెలు అలాగే న్యూజెర్సీ నుంచి ఒకటి తెచ్చింది. పిన్ను మార్చే ముక్క తగిలించి గోడకి పెట్టాం. రెండు నిమిషాలకి కాలిన వాసన, ఎడాప్టర్ పైభాగం మెత్తబడింది. అది 120 వోల్టులది, మన గోడలో వచ్చేది 230. పిన్ను మార్చే ముక్క వోల్టేజీని మార్చదు. కళ్లముందు మేనల్లుడి మొహం వాడిపోవడం చూసి చాలా బాధపడ్డాను.

ఎడాప్టర్ మీద ఇన్‌పుట్ అని ఉన్న గీత చదవండి. 100-240 అని ఉంటే భయం లేదు, పిన్ను మారిస్తే చాలు. 120 అని మాత్రమే ఉంటే 230ని 120కి దించే, సరిపడా వాట్లున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. లేదా అవుట్‌పుట్ వోల్టులు, ఏసీయా డీసీయా, ఆంపియర్లు, ప్లగ్గు కొన అన్నీ సరిపోయే ఎడాప్టర్ ఇక్కడే కొనాలి. తెచ్చేవాళ్లకి ముందే చెప్పి ఆ గీత ఫోటో తీసి పంపమనండి. సెల్ల సెట్‌కి ఈ టెన్షన్ లేదు.

నేనైతే ఏది కొంటాను

మూడు నుంచి ఐదేళ్ల వయసుకి ప్లాస్టిక్ పట్టాల సెల్ల బండి, పెద్ద బటన్ల రిమోట్, మరో ఆలోచన లేదు. ఆరేళ్లు దాటి, కట్టడం కూడా ఇష్టమైతే లెగో. కట్టడం ఇష్టం లేదు, రైలే కావాలి అనే పిల్లలకి నాబ్ రిమోట్ ఉన్న ఓ గేజ్, ఇంట్లో ఎవరో ఒకరు వారానికోసారి గుడ్డ పట్టుకుని పట్టాలు తుడవడానికి ఒప్పుకుంటేనే. పొగ వచ్చే ఇంజను తీసుకుంటే పొగ ద్రవం అయిపోయినప్పుడు ఆ స్విచ్ ఆపేయాలి, ఎండగా నడిపితే లోపలి వేడి తీగ దెబ్బతింటుంది. పన్నెండేళ్లు దాటినవాళ్లకీ, మీకే మోజుంటే మీకూ, హెచ్‌ఓలో లేదా దాదాపు అదే సైజుండే ఓఓలో డీసీసీ సెట్. ఫోను మాత్రమే కంట్రోలర్‌గా ఉన్నది రెండో సెట్‌గా బాగుంటుంది, మొదటిదిగా వద్దు.

కొన్న రోజు డబ్బా పారేయకుండా ఇంజను ఒక్కదాన్నే పావుగంట ముందుకి, పావుగంట వెనక్కి తిప్పండి. తర్వాత ఒక్కో బోగీ తగిలించండి. ఎక్కడైనా ఆగితే ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోండి. ప్రతిసారీ ఒకే చోట ఆగితే ఆ పట్టా జాయింటు చూడండి. రోజుకో చోట, ఇష్టమొచ్చినట్టు ఆగితే చక్రాలు తుడవండి. మీకు దూరంగా ఉన్నప్పుడే మాట వినకపోతే రిమోట్ సెల్లు మార్చండి. కదలబోయేటప్పుడే లంకె తెగుతుంటే ఇంజను సెల్లు మార్చండి. ఈ నాలుగూ చూశాక కూడా ఆగుతుంటే, అప్పుడు డబ్బాలో పెట్టి వాపసు పంపండి.